ఒలుపు గునపం దగ్గర: కోనసీమ కొబ్బరి పనుల ఫొటో డైరీ

కాయ చెట్టు దిగిన దగ్గర్నుంచి కొబ్బరిగా, కురిడీగా (చిప్పలోనే ఎండిన గుండు కొబ్బరి), పీచుగా, తాడుగా మారేదాకా ఎన్ని చేతులు మారుతుందో, ఒక్కో చెయ్యీ ఏం చేస్తుందో 60 ఫొటోల్లో చూపించాలన్నది ఈ ప్రాజెక్టు. కోనసీమ ఫొటోలకి కొదవ లేదు. కాలవ గట్టు, వంగిన చెట్టు, నీళ్ళలో దాని నీడ ఎప్పుడూ చూసేవే. వాటిలో తోట ఉంటుంది, తోటలో పని ఉండదు.

రెండు నియమాలు పెట్టుకుని మొదలుపెట్టాం. ఒకటి, ఫొటో చూసినవాళ్ళకి ఆ పని ఎలా చేస్తారో తెలియాలి. అంటే పనిముట్టు, చెయ్యి, సరుకు మూడూ ఒకే ఫ్రేములో ఉండాలి. రెండు, పని ఆపించకూడదు. ఒలుపు (కాయ మీది పీచు తొక్క తియ్యడం) కూలి వెయ్యి కాయల లెక్క. "ఒక్కసారి ఇటు చూడండి" అన్న ప్రతిసారీ ఆ మనిషి లెక్కలోంచి ఒకటో రెండో కాయలు పోతాయి. పూటకి యాభై సార్లు అంటే అది మన సరదాకి ఆయన కట్టిన సొమ్ము.

సామాన్లు: రెండు కెమెరా బాడీలు, 35, 85 ఎంఎం లెన్సులు, ఒక 70-200 జూమ్, ట్రైపాడ్, బూడిద రంగు కార్డు, రబ్బరు బ్లోయరు, చేతిలో పట్టే చిన్న ఎల్‌ఈడీ దీపం, మందపాటి పాలిథిన్ సంచులు, సిలికా జెల్. వీటన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఓ చెక్క పీట. ఎందుకో ఒలుపు దగ్గర చెప్తాం.

మొదటి వారం: అడగడం, దింపు

తోట రైతు ఒప్పుకోవడం వేరు, పనిచేసేవాళ్ళు ఒప్పుకోవడం వేరు. రైతు "ఆయ్, తీసుకోండి" అన్నారంటే తోటలోకి రానిచ్చారనే. మేస్త్రీ సరేనంటే సరిపోదు, ఎవరి మాట వాళ్ళ దగ్గరే తీసుకోవాలి. మొదటి రోజు కెమెరా సంచిలోంచి తియ్యకూడదు. టీ వేళకి వెళ్ళి కూచుని, ఇవాళ ఊరికే పని చూస్తామని చెప్పాలి. పెద్దవాళ్ళయితే బాబాయ్ గారూ, పిన్ని గారూ అని, ఈడువాళ్ళయితే అన్నయ్యా, అక్కా అని పిలిచి మూడు సంగతులు విడివిడిగా అడగాలి: ముఖం కనపడొచ్చా, పేరు రాయొచ్చా, ఫొటో ఎక్కడ పెట్టొచ్చు. మూడింటికీ ఒకే జవాబు రాదు. ఫొటోకి సరేనని, పేరు వద్దనేవాళ్ళే ఎక్కువ. నోటు పుస్తకంలో ఒక్కొక్కరి ఎదురుగా మూడు గడులు గీసి అక్కడికక్కడే నింపాం. ముఖం వద్దన్నవాళ్ళు ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు కూడా పక్కనే రాసుకోవాలి. నెల తర్వాత కంప్యూటరు ముందు ఎంపికకి కూచున్నప్పుడు ఎవరు ఎవరో గుర్తుండదు. చొక్కా రంగు ఉంటే పొరపాటు జరగదు.

ముందు దింపు, అంటే చెట్టెక్కి కాయలు కోసి దించడం, తీశాం. ఒక తోటలో దింపు నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి. ఆ పూట తప్పితే మళ్ళీ అదే తోటకి అన్నాళ్ళు ఆగాలి. దేశవాళీ పొడుగు చెట్లు 15 నుంచి 20 మీటర్లు ఉంటాయి. అందరూ చేసే తప్పు చెట్టు మొదట్లో నిలబడి పైకి తియ్యడం. అలా తీస్తే అరికాళ్ళు పెద్దగా, మనిషి పిడికెడంత, వెనక తెల్లటి ఆకాశం. ఎత్తు తెలియదు, ప్రమాదమూ తెలియదు. పైగా నిండు కాయ కిలో పైనే ఉంటుంది, అంత ఎత్తు నుంచి పడితే తలే పగులుతుంది. హెల్మెట్ పెట్టుకున్నా చెట్టు కింద నిలబడే పని లేదు.

పక్క గట్టు మీదికో, బోదె (చిన్న కాలవ) అవతలికో పోయి 30, 40 మీటర్ల దూరం నుంచి 70-200 తో తీస్తే చెట్టు మొదలూ, కింద కాయలు ఏరే మనిషీ, పైన గెల కోసే మనిషీ అంతా ఒకే నిలువు ఫ్రేములో పడతారు. ఎత్తు అప్పుడు తెలుస్తుంది. వెనక ఆకాశం ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయి మనిషిని నల్లటి బొమ్మ చేస్తుంది. ఎక్స్‌పోజరు (కెమెరా తీసుకునే వెలుతురు) ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల దాకా పెంచాలి, ఒక స్టాపు అంటే రెట్టింపు. ఆకాశం తెల్లబడినా ఫరవాలేదు, కత్తి పట్టిన చెయ్యి కనపడాలి. కాళ్ళ బంధం బొటనవేళ్ళ దగ్గర ఎలా బిగుసుకుంటుందో ఆయన నేల మీద తొడుక్కునేటప్పుడే 85 తో దగ్గరగా తీసుకోవాలి. పైకెక్కాక ఆ వివరం దొరకదు.

ఇంకో మాట. 1996 నవంబరు తుపానుకి కోనసీమ తోటలు నేలకూలాయి. ఆ తర్వాత నాటిన చెట్లూ, తట్టుకుని నిలబడ్డ పాత చెట్లూ పక్కపక్కనే ఉన్న తోటలున్నాయి. ఏ చెట్టు ఏ కాలానిదో రైతుని అడిగి శీర్షికలో రాస్తే ఎత్తులో తేడా ఎందుకుందో చూసేవాళ్ళకి అర్థమవుతుంది.

రెండో వారం: ఒలుపు

ప్రాజెక్టుకి ప్రాణం ఇదే. నేలలో గట్టిగా పాతిన ఇనుప గునపం, మొన పైకి, నిలబడ్డ మనిషి తొడల ఎత్తున. ఒక పక్క ఒలవాల్సిన రాశి, ఇంకో పక్క ఒలిచిన కాయలు, చుట్టూ డొక్కలు (కాయ మీది పీచు తొక్కలు).

పని మూడు దెబ్బల్లో జరుగుతుంది. ఎత్తు, గుచ్చు, విరుపు. కాయని రెండు చేతులా ఎత్తి, తొడిమ పక్కగా మొన మీదికి దింపుతారు. మొన డొక్కలో దిగాలి కానీ చిప్పకి తగలకూడదు, తగిలితే కాయ పగిలి నీళ్ళు కారిపోతాయి. దిగగానే ఒళ్ళంతా ఒక పక్కకి వంచి విరుస్తారు. డొక్క పెచ్చు లేస్తుంది. కాయ తిప్పి మళ్ళీ గుచ్చు, మళ్ళీ విరుపు. మూడు నాలుగు పెచ్చులకి కాయ బయటికొస్తుంది, కాయ కళ్ళ మీద పీచు పిలక మాత్రం వదిలేస్తారు. చెయ్యి తిరిగిన మనిషికి ఇదంతా ఎనిమిది, పది సెకన్లు.

మొదటి పూట 400 పైగా తీస్తే పనికొచ్చినవి తొమ్మిది. కారణాలు విడివిడిగా రాసుకున్నాం.

నిలబడి కళ్ళెత్తున తియ్యడం మొదటి తప్పు. పై నుంచి చూస్తే గునపం మొన వెనకున్న డొక్కల రంగులో కలిసిపోతుంది. మనిషి దేనితోనో కుస్తీ పడుతున్నట్టుంటుంది తప్ప దేనితోనో తెలియదు. పీట వేసుకుని కూచుంటే లెన్సు సరిగ్గా మొన ఎత్తుకొస్తుంది. వెనక నీడలో ఉన్న రాశి నల్లగా ఉండి, మొన మీద వెలుగు గీతలా మెరుస్తుంది. తేడా అంతా ఆ అడుగున్నర ఎత్తులోనే ఉంది.

రెండోది, చప్పుడు విని నొక్కడం. "టక్" మన్నాక నొక్కితే అప్పటికే విరుపు అయిపోయి చేతులు వదులవుతాయి. బలమంతా గుచ్చిన తర్వాత, పెచ్చు లేచే ముందు ఉంటుంది. అప్పుడే ముంజేతి నరాలు తేలతాయి, భుజం కిందికి దిగుతుంది, మడమ నేలని నొక్కుతుంది. అందుకని కాయ పైకి లేస్తున్నప్పుడే మొదలుపెట్టి, సెకనుకి ఎనిమిది పది చొప్పున ఒక్క సెకను తియ్యాలి, ఆపాలి. పది కాయలు వదిలేసి ఊరికే లయ లెక్కపెట్టి, పదకొండో కాయకి తీస్తే గురి తప్పలేదు. ఒక్కొక్కరి లయ ఒక్కోలా ఉంటుంది. ఒకరి లయ ఇంకొకరికి పనికిరాదు.

మూడోది షట్టరు వేగం, అంటే షట్టరు ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్నది (1/250 అంటే సెకనులో 250వ వంతు). ఒకే మనిషిని, ఒకే చోటి నుంచి నాలుగు వేగాల్లో తీసి పోల్చాం. 1/1000 లో ఎగిరే పీచు పోగులు కూడా ఆగిపోయాయి. కానీ మనిషి విగ్రహంలా ఉన్నాడు, శ్రమ కనపడలేదు. 1/250 లో చేతులు కొంచెం అలికినట్టు, మిగతాదంతా స్పష్టం. పద్ధతి చూపించే ఫొటోకి ఇదే మేలు. 1/60 అటూ ఇటూ కాక, దృష్టి తప్పిన ఫొటోలా ఉంది. 1/15 కి వచ్చేసరికి గునపం, పాదాలు నిలకడగా ఉండి, చేతులూ కాయా గిర్రున తిరిగిన పొగలా వచ్చాయి. వేగం చూపించడానికి ఇదొక్కటి చాలు. కెమెరా కదలకూడదు కాబట్టి మోచేతులు మోకాళ్ళకి ఆనించి, లేదా ట్రైపాడ్ పొట్టిగా దించి తియ్యాలి. ఇరవైకి ఒకటి కుదిరింది.

నిలబడే చోటు సంగతి కూడా చెప్పాలి. ఆయన విరిచే వైపు డొక్కలు ఎగిరి పడతాయి. దానికి ఎదురు వైపు, ముందు నుంచి కొంచెం పక్కగా, రెండు మీటర్ల దూరం. అంతకంటే దగ్గరికెళితే ఆయన మనల్ని చూసుకుంటూ గుచ్చాల్సి వస్తుంది. మొన మీదే చూపుండాల్సిన పనిలో అది ఆయన వేళ్ళకి ప్రమాదం. 35 ఎంఎం పెట్టి మీద పడి తీస్తే చేతులు పెద్దవైపోయి పని కాస్తా నాటకంలా ఉంటుంది. అలాంటివన్నీ పక్కన పెట్టేశాం.

వెలుతురు. కొబ్బరి నీడ పేరుకే నీడ. కమ్మల సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడి, ముఖం మీద ఒకటి తెల్లగా, పక్కన ఒకటి నల్లగా. ఉదయం ఏడు, ఎనిమిదిన్నర మధ్య ఎండ పక్క నుంచి వస్తుంది, మచ్చలు తక్కువ. ఆ తర్వాత మబ్బు పడితేనే. మీటరుని నల్లటి చర్మం మీద పెడితే అది బూడిద రంగు అనుకుని ఎక్కువ వెలుతురిస్తుంది, అప్పుడు మనిషి రంగు వెలిసిపోతాడు. తేలికైన దారి ఒకటి దొరికింది. అదే వెలుతురులో ఉన్న పచ్చి కాయ డొక్క మీద కొలిచి, ఆ లెక్క మాన్యువల్‌లో కట్టేస్తే చర్మమూ, ఒలిచిన కాయా, లేత పీచూ మూడూ నిలిచాయి. ఆకుల్లోంచి వచ్చే వెలుగు పచ్చగా ఉండి ఒంటి మీద పసరు రంగు పూస్తుంది. చోటు మారినప్పుడల్లా బూడిద కార్డు ఒకటి తీసుకుని, ఇంటికెళ్ళాక దాన్ని బట్టి సరిచేయాలి. ఆటో మీద వదిలేస్తే ఒకే వరసలో ఆరు ఫొటోలు ఆరు రంగుల్లో ఉంటాయి.

మూడో వారం: చేతులు

ఈ వారమంతా 85 తో అరచేతులే. పచ్చి డొక్క కర వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ నల్లగా పట్టేసి సబ్బుకి పోదు. బొటనవేలి మొదట్లో కాయ ఆనే చోట చర్మం మందమై మెరుస్తుంది. చూపుడు వేలి పక్కన పీచు కోసిన సన్నటి గీతలు, కొన్ని మానినవి, కొన్ని ఇవాళ్టివి. ఈ మూడు గుర్తులూ చూస్తే ఇది ఒలిచే చెయ్యి అని వేరే చెప్పక్కర్లేదు. టీ వేళ, పని ఆగినప్పుడే అడిగి తీశాం. నీడలో, ఒక పక్క నుంచి వెలుతురు వచ్చే చోట, ఎఫ్/5.6 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), మోకాలి మీద చెయ్యి మామూలుగా ఆనించి.

ఎడిటింగులో ఒక ఆశ పుడుతుంది. క్లారిటీ, టెక్స్చర్ స్లైడర్లు లాగితే చెయ్యి చెట్టు బెరడులా తయారై, చూసినవాళ్ళు అబ్బురపడతారు. అది ఆ మనిషి చెయ్యి కాదు. స్లైడర్లు సున్నా దగ్గరే ఉంచాం. పక్క వెలుతురు సరిగ్గా పడితే ఉన్నది ఉన్నట్టు కనపడుతుంది, అది చాలినంత ఉంది.

నాలుగో వారం: పీచు యూనిట్

శీర్షికల కోసం ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. కేరళ బ్యాక్‌వాటర్స్‌లో డొక్కల్ని నెలల తరబడి నీళ్ళలో నానేసి తీసే తెల్ల పీచు వేరు. ఇక్కడ యూనిట్లలో డొక్కల్ని తడిపి యంత్రంలో వేసి చీల్చేది గోధుమ రంగు పీచు. కొబ్బరి పీచు ఫొటోల కింద కేరళ పద్ధతి రాసేయడం తరచుగా జరిగే పొరపాటు. డొక్కలో పీచు మూడో వంతే, మిగిలిందంతా పొట్టు. పొట్టు గుట్టలు పీచు గుట్టల కంటే పెద్దవిగా ఉండేది ఇందుకే.

ఆ పొట్టే కెమెరాకి శత్రువు. తడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు, ఎండితే గాలిలో తేలుతుంది. జూమ్ లెన్సు ముందుకీ వెనక్కీ కదిలినప్పుడల్లా పంపులా గాలిని లోపలికి లాగుతుంది, గాలితో పాటు పొట్టునీ. షెడ్డులో జూమ్ వద్దు. 35 ఒక బాడీకి, 85 ఇంకో బాడీకి ఇంట్లోనే బిగించి, పాలిథిన్ సంచికి లెన్సు మందాన చిల్లు చేసి రబ్బరు బ్యాండుతో కట్టి తీసుకెళ్ళాం. షెడ్డులో లెన్సు విప్పకూడదు. ఒక్కసారి విప్పినందుకు సెన్సరు మీద పదకొండు మచ్చలు పడ్డాయి. ఎఫ్/2.8 దగ్గర అవి కనపడవు కాబట్టి ఆ రోజు తెలియలేదు. మర్నాడు ఎఫ్/11 లో ఆకాశం తీస్తే బయటపడ్డాయి. రోజూ సాయంత్రం ఎఫ్/16 పెట్టి, ఫోకస్ తప్పించి ఖాళీ ఆకాశం ఒకటి తీసి చూసుకోవడం అప్పటి నుంచి అలవాటు చేశాం. శుభ్రం చెయ్యడానికి రబ్బరు బ్లోయరే, కెమెరా బోర్లించి. నోటితో ఊదితే తుంపర పడుతుంది.

యంత్రం దగ్గర ఇంకా పెద్ద జాగ్రత్త మనిషి గురించి. బెల్టు, పుల్లీలు తిరిగే చోట మెడలో కెమెరా పట్టీ, కండువా, చున్నీ ఏవీ ఉండకూడదు. పట్టీలు తీసేసి కెమెరా మణికట్టుకి కట్టుకున్నాం. డొక్కలు లోపలికి తోసే మనిషి ముఖం మీద ఫ్లాష్ కొట్టడం అంటే ఆయన చెయ్యి పోగొట్టడమే. ప్రాజెక్టు మొత్తానికే ఫ్లాష్ తీసేశాం. యంత్రానికి తోస్తున్నప్పుడు పలకరించకూడదు కూడా.

ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు ఉన్న షెడ్డులో 1/250 పెడితే ఫ్రేము సగం పచ్చగా, సగం చీకటిగా గీతలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి వందసార్లు మినుకుతుంది. 1/100 లేదా 1/50 పెడితే పోతుంది. చప్పుడు లేకుండా ఉంటుందని సైలెంట్ షట్టరు వాడితే గీతలు ఇంకా ఎక్కువ. షెడ్డు తలుపు దగ్గర మాత్రం ఈ గొడవే లేదు. బయట ఆరబోసిన పీచు మీద ఎండ పడి, ఆ బంగారు రంగు వెలుగు లోపలి దాకా తిరిగి కొడుతుంది. పీచు గంపలు మోసుకుని ఆడవాళ్ళు ఆ తలుపు దాటే రెండడుగుల జాగాలో ఫోకస్ ముందే కట్టేసి కూచుంటే, ముఖానికి కట్టుకున్న గుడ్డ మీద పొట్టు రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ గుడ్డ కట్టిన ఫొటో తప్పనిసరిగా ఉండాలని అనుకున్నాం. కెమెరాకి ఇన్ని సంచులు కడుతున్నాం, అదే పొట్టు వాళ్ళు రోజంతా పీలుస్తారు. అందంగా వచ్చిన ధూళి ఫొటోకి శీర్షికలో ఈ మాట లేకపోతే అది అన్యాయం.

ఐదో వారం: తాడు

మోటారు రాట్నానికి పీచు కొస తగిలించి, నడుముకి కట్టుకున్న సంచిలోంచి పీచు వదులుతూ ఆడవాళ్ళు వెనక్కి నడుస్తారు. పురి రాట్నం ఇస్తుంది, మందం వేళ్ళు ఇస్తాయి. పీచు ఎక్కువ వదిలితే తాడు ఉబ్బుతుంది, తక్కువ వదిలితే సన్నబడి తెగుతుంది. రెండు పోగులు ఒక వైపు పురి ఎక్కించి, వాటిని కలిపి ఎదురు వైపు పేనుతారు. ఒకదాని పురి ఇంకోదాన్ని విప్పనివ్వదు, తాడు నిలబడేది అందుకే.

ఈ పనిని ఒక్క ఫొటోలో చూపించడం కుదరలేదు. నాలుగు రోజులు ప్రయత్నించి మూడుగా విడగొట్టాం. పక్క నుంచి 35 తో, నడక మొత్తం, 1/30 లో మనిషితో పాటే కెమెరా తిప్పుతూ. ఆమె వెనక నుంచి, తాడు రాట్నం దాకా గీతలా పోతూ, ఎఫ్/11. చివరిది వేళ్ళు: బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చెదిరిన పీచు తాడుగా మారే ఆ అంగుళం. ఆమె వెనక్కి నడుస్తుంటుంది కాబట్టి ఫోకస్ నిలవదు. ఆమెతో పాటే అదే అడుగున, అంతే దూరంలో నడవాలి. ముందు కెమెరా లేకుండా రెండు మూడు సార్లు నడిచి అడుగు కలుపుకున్నాక కుదిరింది. దారిలో గోతులు, డొక్కలు ముందే తీసేయాలి, ఆమె కోసమూ, మన కోసమూ.

చీర మీద మగవాళ్ళ పాత చొక్కా వేసుకుని పనిచేస్తారు. పీచు గుచ్చుకోకుండా, చీర పాడవకుండా. ఫొటో కోసం చొక్కా తీసేస్తామని కొందరు అన్నారు. వద్దు, పని బట్టల్లోనే తీస్తాం, మంచి చీరలో ఇంకో ఫొటో విడిగా తీసిస్తాం అని చెప్పాం.

ఆరో వారం: కురిడీ, కొత్త కొబ్బరి

కొత్త కొబ్బరిది తేలికే. పగలగొట్టిన చిప్పలు ఎండలో ఆరబోసి ఉంటాయి. తెల్లటి కొబ్బరి మీద ఎండ కళ్ళు చెదిరేలా ఉంటుంది. హిస్టోగ్రాము (కెమెరా తెర మీద వెలుతురు పంపకం చూపే గ్రాఫు) కుడి అంచుకి తగలకుండా చూసుకుంటే చాలు.

కురిడీ అలా కాదు. కాయని ఒలవకుండా నెలల తరబడి నిల్వ ఉంచితే లోపల నీళ్ళు ఇంకి, కొబ్బరి చిప్ప నుంచి విడివడి గుండులా తయారవుతుంది. ఊపితే లోపల కదులుతుంది. నిల్వ చేసే గదుల్లో వెలుతురు ఒక్క కిటికీదే. ట్రైపాడ్ మీద ఎఫ్/8, ఐఎస్ఓ (సెన్సరు వెలుతురుకి స్పందించే కొలత) 400, అర సెకను. మనిషి కదలకుండా ఉండే క్షణం ఒక్కటే: కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, ఆపి వినే ఆ అర సెకను. చెయ్యి అలికి, ముఖం నిలిచిన ఫొటో ఒకటి వచ్చింది, అదే ఉంచాం. ఎల్‌ఈడీ దీపం నేరుగా వేస్తే కాయ మీద తెల్ల మచ్చ పడుతుంది. సున్నం వేసిన గోడ మీదికి తిప్పితే కిటికీ వెలుగులాగే ఉంటుంది.

చిప్ప కొట్టడం దగ్గరగా చూడాల్సిన పని. కత్తి వెనక భాగంతో కాయ చుట్టూ తిప్పుతూ చిన్న చిన్న దెబ్బలు. చిప్ప పెచ్చులుగా రాలాలి, లోపలి గుండు పగలకూడదు, గీత కూడా పడకూడదు. పడితే ధర పోతుంది. దెబ్బ బలం కంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడమ చెయ్యి కాయని తిప్పే తీరు ముఖ్యం. ఆ ఎడమ చెయ్యి ఫ్రేములో లేని ఫొటోలన్నీ తీసేశాం. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధరల పట్టీలో కురిడీ గండేరా, గటగట అని రెండు రకాలుగా ఉంటుంది. ఏరేటప్పుడు తీసిన ఫొటోకి ఏ గుట్ట ఏదో అక్కడే అడిగి రాసుకోవాలి, ఫొటో చూసి తర్వాత చెప్పలేం.

ఏడో వారం: నిల్వ, శీర్షికలు, ప్రింట్లు

ఏసీ కారులోంచి తోటలోకి దిగగానే లెన్సు మీద మంచు కమ్ముతుంది. కెమెరాని పాలిథిన్ సంచిలో మూతి కట్టే బయటికి తెచ్చి, ఇరవై నిమిషాలు ఆగి విప్పాలి. అప్పుడు తేమ సంచి మీద పడుతుంది, అద్దం మీద కాదు. డెల్టా తేమకి లెన్సు లోపల బూజు పట్టడం మామూలే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటరు. అది 40, 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే మూకుట్లో సన్న సెగ మీద వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. లెన్సుల్ని తోలు సంచిలో ఉంచితే బూజుని పెంచి పోషించినట్టే. అంతర్వేది వైపు సముద్రపు గాలిలో తీసిన రోజు మాత్రం ముందు తడి గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో కెమెరా బయటంతా తుడిచి లోపల పెట్టాలి, ఉప్పు ఉండిపోతుంది.

శీర్షికలకి ఫొటోలకి పట్టినంత సమయమే పట్టింది. "కొబ్బరి కార్మికుడి జీవన పోరాటం" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మేం పెట్టుకున్న తీరు: పని పేరు పనివాళ్ళ మాటలో, చేతిలో ఏముంది, ఏం జరుగుతోంది, ఊరు, నెల. "ఒలుపు. రెండో పెచ్చు విరుపు. మొన చిప్పకి తగలకుండా తొడిమ పక్కన దిగింది. కూలి వెయ్యి కాయల లెక్క." దింపు, ఒలుపు, డొక్క, పిలక లాంటి మాటల్ని మార్చి పుస్తక భాష పెట్టలేదు. పాత ఫొటోలతో కలిపేటప్పుడు జిల్లా పేరు చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4కి ముందు తీసినవాటికి తూర్పు గోదావరి, తర్వాతవాటికి కోనసీమ జిల్లా. రెండూ రాసి ఉంచితే వెతికేవాళ్ళకి దొరుకుతాయి.

ప్రింట్లు 6×8 అంగుళాల మ్యాట్ కాగితం మీద. గ్లాసీ అయితే ఈ తేమకి ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తే రంగు ఊడుతుంది. మధ్యలో బటర్ పేపరు పెట్టి కవరులో వేశాం. ఒక్కొక్కరికీ రెండు ఇచ్చాం: పనిలో ఉన్నది ఒకటి, తల దువ్వుకుని మంచి చొక్కాతోనో చీరతోనో నిటారుగా నిలబడి తీయించుకున్నది ఒకటి. ఇంట్లో గోడ మీదికెక్కేది రెండోదే. అది వాళ్ళు అడిగిన ఫొటో, కాబట్టి దానికీ అంతే శ్రద్ధ పెట్టాం: నీడలో, వెనక సాదా గోడ, 85, ఎఫ్/4, ఫోకస్ కళ్ళ మీద.

ప్రింట్లు ఇచ్చేటప్పుడే ఎంపిక చేసిన ఫొటోలన్నీ వాళ్ళకి చూపించి తప్పులు అడిగాం. 52లో మూడు తీసేయాల్సి వచ్చింది. ఒకదానిలో కాయ తలకిందులుగా ఉంది, నేర్చుకుంటున్న కుర్రాడు తప్పుగా పట్టుకున్నది అది. ఇంకోదానిలో గునపం వదులై పక్కకి వాలింది, అలాంటి దాని మీద ఎవరూ ఒలవరు, సరిచేసుకోబోతుండగా తీశాం. మూడోది తాడు పురి. కంప్యూటరులో ఫొటోని అద్దంలోలా తిప్పేయడం వల్ల పురి ఎదురు వైపుకి వచ్చింది. అక్కడున్న ఆడవాళ్ళు ఒక్క చూపులో పట్టేశారు. తిప్పిన ఫొటో ఇంకెక్కడైనా ఉందేమోనని మొత్తం మళ్ళీ వెతికాం.

ఇప్పటికి 49. మిగిలిన 11లో లారీ ఎత్తుబడి (సరుకు లారీకెక్కించడం) ఉంది. అది తెల్లవారుజామున మూడింటికి, హెడ్‌లైట్ల వెలుతురులో జరుగుతుంది. 35 ఎంఎం, ఎఫ్/2, ఐఎస్ఓ 6400, 1/125తో మొదలుపెట్టి చూడాలి. రెండో తోట దింపు ఇంకో మూడు వారాల్లో. ఈసారి బోదె అవతలి గట్టు నుంచే.